పాము వాడిదే, పెంపకం మీది

ఈసారి ఉత్తరం డాలస్ దగ్గర నుంచి వచ్చింది. రాసింది ఇద్దరు పిల్లల తల్లి, పేరు వేయొద్దన్నారు. చాలా పొడుగ్గా ఉంది కాబట్టి కొంత కుదించి ఇస్తున్నాను.

"మా పెద్దాడికి 13 ఏళ్ళు. స్నేహితుడి ఇంట్లో చిన్న రకం కొండచిలువైన బాల్ పైథాన్‌ని చూసొచ్చిన దగ్గర్నుంచి ఆరు నెలలుగా అదే గోల. కుక్క వద్దట, పిల్లి వద్దట, పామే కావాలట. స్లైడ్లు చేసి మమ్మల్ని సోఫాలో కూర్చోబెట్టి మరీ చూపించాడు. మా ఆయన 'నీ ఇష్టం' అని తప్పుకున్నారు. అత్తయ్యకు 71, మాతోనే ఉంటారు. మాట చెవిన పడగానే ఇండియాకి టికెట్ తీయమన్నారు. పాపకు నాలుగేళ్ళు, వచ్చే మే నెలకి అయిదు నిండుతాయి. మాది శాకాహారం, ఇంట్లో గుడ్డు కూడా వండం. అది కరుస్తుందా? అందరం ఇండియా వెళ్తే ఎవరు చూస్తారు? ఎప్పటికైనా హైదరాబాద్ వచ్చేయాలని ఉంది, దాన్ని కూడా తెచ్చుకోవచ్చా? ఒప్పుకోవాలో వద్దో ఒక్క మాటలో చెప్పండి."

ఒక్క మాటలో అయితే, ఇప్పుడు వద్దు. మే దాటాక ఒక షరతు మీద సరే అనొచ్చు, కానీ ఆ షరతు మీ అబ్బాయికి కాదు, మీకు.

నేను పాముల పండితురాలినేం కాదు. మా వాడు 12 ఏళ్ళప్పుడు ఇలాగే పట్టుబట్టి ఒక బాల్ పైథాన్ తెచ్చుకున్నాడు. భయపడితే తల లోపల దాచుకుని ఉండలా చుట్టుకుపోతుంది, అందుకే వాటికి ఆ పేరు, అందుకే మా వాడు దానికి లడ్డు అని పేరు పెట్టాడు. ఇప్పుడు వాడికి 23. ఉద్యోగం వేరే రాష్ట్రంలో, వాడుండే అపార్ట్‌మెంట్‌లో పాముల్ని పెట్టుకోనివ్వరు. లడ్డు నా దగ్గరే ఉంది. 11 ఏళ్ళలో మొదటి రెండేళ్ళు వాడు చూశాడు, తర్వాత స్కూలు, టెన్నిస్, ఎస్‌ఏటీ, కాలేజీ, తొమ్మిదేళ్ళుగా నేనే చూస్తున్నాను. మా వాడు చెడ్డవాడని కాదు. 13 ఏళ్ళ పిల్లాడు 18 వచ్చేసరికి ఇల్లు వదిలి వెళ్ళిపోతాడు, పాము వెళ్ళదు, అంతే లెక్క. బాల్ పైథాన్ బాగా చూసుకుంటే 20, 30 ఏళ్ళు బతుకుతుంది. సెయింట్ లూయిస్ జూలో ఒకటి ఉండేది, 1961లో ఎవరో ఇంట్లో పెంచుకుంటున్నాయన జూకి ఇచ్చేశారు, 2020లో అది కనీసం 62 ఏళ్ళ వయసులో, 15 ఏళ్ళకు పైగా మగపాము పక్కన లేకుండానే, ఏడు గుడ్లు పెట్టి పేపర్లకెక్కింది. అంత దాకా పోకపోయినా మీ అబ్బాయి పెళ్ళికి మీ ఇంట్లో ఈ పాము ఉంటుందనే అనుకోండి. కాబట్టి "వాడికి పాము కొనిపెట్టనా" అని అడిగితే నా దగ్గర జవాబు లేదు. "నేను పాముని పెంచగలనా" అని అడగండి.

అసలు పని ఏమిటో చెప్తాను, ఎందుకంటే స్లైడ్లలో ఇది రాసి ఉండడు. పాము తిండి ఎలుక. దీనికి ఇంకో దారి లేదు, శాకాహార పాము అంటూ ఎక్కడా లేదు, గుడ్డు పెడితే సరిపోతుందనుకోకండి, బాల్ పైథాన్ కోడిగుడ్డు తినదు. చంపి గడ్డకట్టించిన ఎలుకలు సైజుల వారీగా ప్యాకెట్లలో దొరుకుతాయి. అవి మీ ఫ్రీజర్‌లో ఉండాలి. మా ఇంట్లో మొదట్లో కొబ్బరి తురుము డబ్బా పక్కనే పెట్టేవాళ్ళం. మా ఆడపడుచు ఒకసారి చట్నీ చేద్దామని పొరపాటున పక్క డబ్బా మూత తీసింది. ఆ రోజు నుంచి మా ఇంట్లో చట్నీ అడగదు. మర్నాడే గరాజ్‌లోకి ఒక చిన్న ఫ్రీజర్ కొన్నాం. గుడ్డు కూడా వండని ఇల్లంటున్నారు కాబట్టి మీరు పాముకంటే ముందు అది కొనాలి, అది కొనడానికి మీ అత్తయ్య ఒప్పుకోవాలి.

తినిపించే ముందు రోజు రాత్రి ఎలుకని గరాజ్‌లోనే మూత ఉన్న డబ్బాలో చల్లగా కరగనిస్తాను. మర్నాడు సాయంత్రం జిప్ కవర్‌లో వేసి వేడినీళ్ళ గిన్నెలో పావుగంట ఉంచాలి, తల చేతికి వెచ్చగా తగిలే దాకా. మైక్రోవేవ్‌లో పెట్టకండి, ఏమవుతుందో నేను రాయను. బాల్ పైథాన్ పెదవుల వెంట చిన్న గుంటలు వరసగా ఉంటాయి, వాటితో అది వేడిని పసిగడుతుంది, చీకట్లో కూడా. ఎలుక చల్లగా ఉంటే దానికి అది వస్తువు, వెచ్చగా ఉంటేనే తిండి. పొడుగాటి పట్టకారుతో తోక పట్టుకుని మెల్లిగా కదిలిస్తే, గుహలోంచి తల బయటికొస్తుంది, నాలుక రెండు మూడుసార్లు ఆడుతుంది, ఆ తర్వాత కంటికి కనపడనంత వేగంగా లాగేసుకుని చుట్టేస్తుంది. చచ్చిన ఎలుకని కూడా పిసికి చంపుతుంది పాపం. తల వైపు నుంచి మింగుతుంది, పావుగంట పడుతుంది. తర్వాత రెండు రోజులు దాన్ని ముట్టుకోకూడదు, ముట్టుకుంటే కక్కేస్తుంది. పిల్లపాముకి వారానికోసారి, పెద్దదైతే రెండు మూడు వారాలకోసారి ఇంతే పని. బతికున్న ఎలుకని వేయమని కొందరు చెప్తారు, వినకండి, భయపడ్డ ఎలుక పాముని కొరికి పుండ్లు చేస్తుంది.

ఇక అసలు టెన్షన్. అది తినకపోవడం.

బాల్ పైథాన్లు ఉపవాసాలకి పెట్టింది పేరు. లడ్డుకి మూడో ఏడు నవంబర్‌లో తిండి మానేస్తే ఫిబ్రవరి దాకా ముట్టలేదు. వారం వారం ఎలుక కరగబెట్టడం, వెచ్చబెట్టడం, అది మొహం తిప్పుకోవడం, నేను దాన్ని పారేయడం. తెలుగింటి తల్లిని, ఇంట్లో ఒక ప్రాణి మూడు నెలలు తినకుండా పడుకుంటే నాకు ముద్ద దిగుతుందా? డాక్టర్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన కిచెన్ కాటా మీద ప్రతి వారం తూచి రాసుకోమన్నారు. నవంబర్‌లో 1240 గ్రాములు, ఫిబ్రవరిలో 1205. ఇదొక బాధ కాదు పొమ్మన్నారు. నిజమే, మార్చి మొదటివారంలో ఏమీ ఎరగనట్టు తినేసింది. కానీ ఆ మూడు నెలలు నేను పడ్డ బాధ మీరు పడొద్దు. అందుకే మీరు కొనదలిస్తే బాల్ పైథాన్ కాకుండా కార్న్ స్నేక్ చూడమంటాను. అది అమెరికా పామే, ఆగ్నేయ రాష్ట్రాల్లో పొలాల్లో తిరిగేది, నారింజ రంగు మీద ఎర్రటి మచ్చలు, పెద్దదైనా మూడు నుంచి అయిదడుగులు, సన్నగా ఉంటుంది. తిండి దగ్గర పేచీ ఉండదు, తేమ దగ్గరా అంత పట్టింపు లేదు, తినేది చిట్టెలుకలు కాబట్టి ఫ్రీజర్‌లో డబ్బా కూడా చిన్నదే. ఒక్కటే తంటా, దూరిపోతుంది. మూత మీద గొళ్ళెం లేకపోతే మర్నాడు పొద్దున్నే అది డిష్‌వాషర్ వెనక ఉంటుంది. బాల్ పైథాన్ చేతిలో పెడితే బద్ధకంగా పడుకుంటుంది, కార్న్ స్నేక్ చేతిలోంచి చేతిలోకి పారుతూనే ఉంటుంది. మీ వాడు స్నేహితుడి ఇంట్లో చూసి మనసుపడింది ఆ బద్ధకాన్నేనేమో, మీరు కనుక్కోండి.

ఇప్పుడే వద్దు అనడానికి కారణం మీ పాప. పాములు, తాబేళ్ళు, బల్లులు అన్నీ పైకి ఆరోగ్యంగా కనిపిస్తూనే సాల్మొనెల్లా మోస్తుంటాయి, మలంలో వస్తుంది, ఒంటి మీదా ఉంటుంది, గాజుపెట్టె మీదా ఉంటుంది. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళకైతే మామూలుగా విరేచనాలతో పోతుంది. అయిదేళ్ళ లోపు పిల్లలకి, 65 దాటినవాళ్ళకి, రోగనిరోధక శక్తి తక్కువున్నవాళ్ళకి అదే ఆస్పత్రి దాకా తీసుకెళ్ళొచ్చు. అయిదేళ్ళ లోపు పిల్లలున్న ఇంట్లో ఇలాంటి జంతువుల్ని పెట్టుకోవద్దని అమెరికా ప్రజారోగ్య సంస్థ సీడీసీ చెప్తుంది. నాలుగేళ్ళ పిల్ల వేళ్ళు నోట్లో పెట్టుకోకుండా ఆపడం మీ వల్ల అవుతుందా? నా వల్ల కాలేదు. మే దాకా ఆగండి. ఆగాక కూడా పాము ఉండేది మీ వాడి గదిలోనే, తలుపు మూసే, ముట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడగాలి, నీళ్ళగిన్నె కిచెన్ సింక్‌లో కడగకూడదు. అత్తయ్యకి 71 కాబట్టి ఈ నియమం పాపకి అయిదు నిండినా సడలదు. ఆవిడ ఆ గదిలోకి వెళ్ళనంటే నిజానికి ఆవిడ ఆరోగ్యానికి మంచిదే.

కరుస్తుందా అంటే, కరుస్తుంది. విషం లేదు. లడ్డు నన్ను 11 ఏళ్ళలో ఒక్కసారి కరిచింది, తప్పు నాదే, ఎలుకని సర్ది చెయ్యి కడుక్కోకుండా పెట్టెలో పెట్టాను. బొటనవేలి కింద గుండుసూదితో గుచ్చినట్టు చుక్కలు వరసగా వచ్చాయి, రెండు నిమిషాలు రక్తం, సబ్బు నీళ్ళు, అంతే. మా పక్కింటి పిల్లి గీరింది దీనికంటే లోతు.

పెట్టె గురించి ఎక్కువ చెప్పను, మీ వాడికి అదంతా కంఠతా వచ్చే ఉంటుంది. ఒక పక్క 90 ఫారెన్‌హీట్ వరకు వేడి, ఇంకో పక్క 78 దగ్గర చల్లదనం, రెండు పక్కలా దాక్కోవడానికి చోటు, మునిగేంత నీళ్ళ గిన్నె. బాల్ పైథాన్‌కైతే తేమ 60 శాతం దగ్గర. హీటర్‌కి థర్మోస్టాట్ లేకుండా మాత్రం ఒక్క రాత్రి కూడా ఉంచొద్దు, పొట్ట కాలుతున్నా పాము పక్కకి జరగదు. ఇక్కడి చలికాలం హీటింగ్‌కి గాలి పొడిబారిపోతుంది, అప్పుడు కుబుసం ముక్కలుముక్కలుగా ఊడి కళ్ళ మీద పొర ఉండిపోతుంది. సరిగ్గా ఊడితే మాత్రం సాక్స్ తిరగేసి విప్పినట్టు తల నుంచి తోక దాకా ఒకటే తొడుగు, కళ్ళ చోట రెండు గుండ్రటి అద్దాలతో సహా. మా వాడు మొదటి తొడుగు ఇప్పటికీ దాచుకున్నాడు. పాముకి మేం ఇచ్చింది 60 డాలర్లు, దాని ఇంటికి 350. కొనేటప్పుడు ఇక్కడే పుట్టి పెరిగినదేనా అని అడగండి. బాల్ పైథాన్లు ఘానా, టోగో, బెనిన్‌ల నుంచి పెద్దఎత్తున వస్తాయి, అలా వచ్చినవాటికి పురుగులు, బెదురు, తిండి మొరాయింపు అన్నీ ఎక్కువ. మీ కళ్ళముందు ఫ్రీజర్ ఎలుకని తింటేనే డబ్బులివ్వండి. రంగులు చూసి మురిసిపోకండి, స్పైడర్ అని ఒక రకం ఉంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది, పుట్టుకతోనే నరాల లోపంతో తల ఊగిపోతుంటుంది, దాన్ని మాత్రం కొనకండి.

కరెంట్ సంగతి కూడా చెప్పాలి, టెక్సస్‌లో ఉన్నారు కదా. 2021 ఫిబ్రవరి మంచు తుపానుకి మీరు ఇక్కడుంటే గుర్తుండే ఉంటుంది, లక్షల ఇళ్ళకి రోజుల తరబడి కరెంట్ లేదు. మా ఇంట్లో రెండో రాత్రికి లోపలే 45 డిగ్రీల ఫారెన్‌హీట్. మా వాడు కాలేజీ నుంచి ఫోన్ చేసి "అమ్మా, లడ్డు ఎలా ఉంది" అని అడిగాడు, నేనెలా ఉన్నానని రెండో ప్రశ్న. గ్యాస్ పొయ్యి మీద నీళ్ళు కాచి సీసాల్లో పోసి, సీసాలకి తువ్వాళ్ళు చుట్టి, లడ్డుని దిండు గలీబులో వేసి మూతి ముడేసి, థర్మాకోల్ పెట్టెలో వాటి మధ్య పెట్టాను. రెండు గంటలకోసారి లేచి సీసాలు మార్చాను, మూడు రాత్రులు. చంటిపిల్లాడికి కూడా అంత లేవలేదు. ఈ ఒక్క కథా మీ వారికి చదివి వినిపించండి, "నీ ఇష్టం" అని తప్పుకున్న మనిషి ఆ రాత్రుల్లో ఏ షిఫ్ట్ తీసుకుంటారో అడగండి. పాము చావకూడదు, కర్ర విరగకూడదు అంటే కుదరదు.

ఇండియా ట్రిప్పులకి మాత్రం భయపడక్కర్లేదు, ఇందులో కుక్క కంటే పామే నయం. పెద్ద పాము నాలుగు వారాలు తినకపోయినా ఏం కాదు. కానీ రెండు రోజులకోసారి ఎవరైనా వచ్చి నీళ్ళు మార్చి, వేడి చూసి, గొళ్ళెం చూసి వెళ్ళాలి. మీ తెలుగు స్నేహితుల్లో ఎంతమంది వస్తారో ముందే అడిగి చూసుకోండి. నాకు తేలింది ఒక్కరు, ఆయనా మొదటిసారి గుమ్మం దగ్గరే నిలబడి వీడియో కాల్‌లో చూపించారు.

టెక్సస్‌లో భారీ కొండచిలువలకీ విదేశీ విషసర్పాలకీ పర్మిట్ కావాలి, ఈ రెండు రకాలకీ అక్కర్లేదు. మీ సిటీ రూల్స్, అద్దె ఇల్లయితే అగ్రిమెంట్ చూసుకోండి. హైదరాబాద్ మాట మాత్రం మర్చిపోండి. మన దేశపు పాముల్ని, నాగుపాము గానీ కొండచిలువ గానీ జెర్రిపోతు గానీ, ఇంట్లో పెట్టుకోవడం 1972 వన్యప్రాణి చట్టం కింద నేరం. బాల్ పైథాన్ లాంటి విదేశీవాటికి 2024లో కొత్త నిబంధనలొచ్చాయి, ప్రభుత్వ పోర్టల్‌లో నమోదు చేయించాలి, అది కాక ఇక్కడి ఎగుమతి కాగితాలు, అక్కడి దిగుమతి అనుమతులు. కార్న్ స్నేక్‌ని అయినా తీసుకెళ్ళొచ్చని ఆశ పెట్టుకోకండి. తిరిగి వెళ్ళేటప్పుడు దాన్ని ఇక్కడే ఎవరికి అప్పగిస్తారో కొనే రోజే అనుకోండి. బయట పొలంలో వదిలేయడం అన్నది మాత్రం ఎవరి నోటా రానివ్వకండి.

ఇక అత్తయ్య. మీ ఉత్తరంలో ఆవిడ గురించి నవ్వుతూ రాశారు, నాకు నవ్వు రాలేదు. మా అమ్మది రేపల్లె దగ్గర పల్లెటూరు. రాత్రిపూట పాము అని పేరెత్తకూడదు, "పురుగు" అనాలి, కరిస్తే "పురుగు ముట్టింది" అనాలి. మా అమ్మ పెదనాన్న కొడుకుని కోతల్లో రక్తపింజరి కరిస్తే ఆస్పత్రికి చేరేలోపే పోయాడు. 2000 నుంచి 2019 దాకా మన దేశంలో పాముకాటుకి 12 లక్షల మంది పోయారని అంచనా, ఏడాదికి సగటున 58 వేలు, ఎక్కువగా పల్లెల్లోనే. మనవాళ్ళ భయం మూఢనమ్మకం కాదు, ఎవరో ఒకరిని పోగొట్టుకున్న భయం. అదే మనిషి నాగుల చవితికి చలిమిడి, చిమ్మిలి చేసుకుని పుట్టలో పాలు పోసి వస్తుంది, అదీ ఆ భయంలోంచే. అలాంటావిడకి "అది విషం లేనిది అత్తయ్యా, చాలా క్యూట్‌గా ఉంటుంది" అని మెడలో వేసుకుని చూపిస్తే ఏమవుతుంది?

మా అమ్మ ఆరు నెలలు మా దగ్గరున్నప్పుడు నేను చేసింది ఇది. రాకముందే ఫోన్‌లో చెప్పాను, దాచలేదు. ఆ గదికి తాళం పెట్టి తాళంచెవి ఆవిడ చేతికే ఇచ్చాను. ఎలుకల పని ఆవిడ పడుకున్నాక. ఆరు నెలల్లో ఒక్కసారి కూడా లోపలికి అడుగుపెట్టలేదు, మేమూ పిలవలేదు. మనసు మారిందేమో అని అడక్కండి, మారలేదు. లడ్డు అనే పేరు కూడా ఎత్తలేదు, "మీ పురుగు" అనేది. నాగుల చవితి రోజు మాత్రం పొద్దున్నే స్నానం చేసి వచ్చి ఆ గది గడప బయటే నాలుగు అక్షింతలు వేసి, కళ్ళు మూసుకుని ఏదో అనుకుని, వెంటనే వంటింట్లోకి వెళ్ళిపోయింది. మీ అత్తయ్య అంత వరకు కూడా రాకపోవచ్చు. ఆవిడ మీ ఇంట్లో పర్మనెంట్‌గా ఉండే మనిషి కాబట్టి, ఆవిడ వద్దు అంటే వద్దే, నా లెక్కలో. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం అన్నట్టుంది మీ పని, తెలుసు. కానీ మీ వాడికి 18 నిండాక సొంత గదిలో సొంత డబ్బుతో పెంచుకునే దారి ఉంది, ఆవిడకి ఇంకో ఇల్లు లేదు.

ఆవిడ ఒప్పుకుంటే, మే కూడా దాటితే, అప్పుడు షరతు. మీ వాడి స్నేహితుడి అమ్మకి ఫోన్ చేయండి. పాముకి తిండిపెట్టే రోజు కనుక్కుని మీరూ మీ వాడూ మాత్రమే వెళ్ళండి, పాపని తీసుకెళ్ళొద్దు. ఎలుకని వేడినీళ్ళలోంచి తీయడం, తుడవడం, పట్టకారుతో పట్టుకుని పెట్టె ముందు కూర్చోవడం, మీ వాడు కాదు, మీరు చేయండి. వాడు పక్కన నిలబడి చూస్తాడు. అయ్యాక చేతులు బాగా కడుక్కుని ఇంటికొచ్చేయండి. ఆ రాత్రి మీకు అన్నం సయిస్తే నాకు మళ్ళీ రాయండి, మంచి కార్న్ స్నేక్ పిల్లని ఎలా చూసి ఎంచుకోవాలో అప్పుడు చెప్తాను.